నైట్ షిఫ్ట్ ‘అలవాటైపోయింది’ అనే వాళ్లకు

ఫ్యాక్టరీ డాక్టరుగా నేను ఎక్కువసార్లు వినే మాట: "ఇరవై ఏళ్లుగా సీ షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) చేస్తున్నా సార్, ఒళ్లు అలవాటు పడిపోయింది."

అపోహ: కొన్నేళ్లు చేస్తే అలవాటవుతుంది.

అవదు. మేలుకుని ఉండడం ఒక్కటే అలవాటవుతుంది. మెదడులోని గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది. పొద్దున ఆరింటికి గేటు దాటి ఎండలో బండి మీద ఇంటికెళ్తే, అది మళ్లీ పగటికే సర్దుకుంటుంది. వారానికోసారి షిఫ్ట్ మారే చోటైతే చెప్పనే అక్కర్లేదు. పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే గంటో, రెండు గంటలో తగ్గుతుంది. తెల్లవారుజామున నాలుగు, ఐదు మధ్య చురుకుదనం బాగా పడిపోతుంది.

పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానమని పరిశోధనల్లో తేలింది. బండి నడిపేవాళ్లకు మన చట్టం ఒప్పుకునేది 30. నిద్రలేమిని మాత్రం ఏ బ్రెత్ ఎనలైజరూ పట్టుకోలేదు. డ్యూటీ దిగి వెళ్తూ డివైడర్‌ను గుద్దుకున్న క్రేన్ ఆపరేటర్ ఒకాయన, మోచేతికి కట్టు కడుతుంటే, "నిద్ర రాలేదు సార్, కళ్లు మూతపడ్డాయంతే" అన్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. డ్యూటీకి ముందు మధ్యాహ్నం ఓ కునుకు తీయండి. దిగాక కళ్లు మండుతుంటే బస్సెక్కండి.

అపోహ: నైట్ షిఫ్ట్ వారంలో షుగర్ మాత్రలు ఆపేయొచ్చు.

ఎవరు చెప్పారండీ? అర్ధరాత్రి తిన్న అన్నానికి షుగర్ పగటికంటే ఎక్కువే పెరుగుతుంది. ఇంకొందరు పొద్దున ఇంటికొచ్చి గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండానే పడుకుంటారు. షుగర్ పడిపోయి చెమటలు పట్టి లేస్తారు, లేదా లేవలేరు. షిఫ్ట్ టైమింగ్స్ డాక్టరుకు చెప్పి, వారం వారానికీ మాత్రల వేళలు రాయించుకోండి.

అపోహ: నైట్ డ్యూటీ చేస్తే క్యాన్సర్ ఖాయం.

వాట్సాప్ వార్త. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2019లో రాత్రి షిఫ్ట్ పనిని 2ఏ గ్రూపులో, అంటే క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉన్న వాటిలో ఉంచిన మాట నిజమే. మేక మాంసం కూడా అందులోనే ఉంది. ఆ గ్రూపు ఆధారాలు ఎంత గట్టివో చెబుతుంది, ముప్పు ఎంతో చెప్పదు. ఈ టెన్షన్‌తో ఉన్న కాస్త నిద్రా పోగొట్టుకుంటున్న వాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇక క్వార్టర్ వేసుకుంటే నిద్ర బాగా పడుతుందనేది: త్వరగా పడుతుంది, మధ్యలోనే తెగుతుంది. షిఫ్ట్ చివర్లో టీ కూడా మానండి.