పేరులో కుడి, కాంతికి ఎడమ

పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజ్ పూర్తి పేరు డి-ఫ్రక్టోజ్. ఆ 'డి' కుడి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. కానీ దాని ద్రావణం గుండా ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని పంపితే ఆ తలం ఎడమకు తిరుగుతుంది. అదీ కాస్తా కూస్తా కాదు, విశిష్ట భ్రమణం, అంటే నిర్ణీత గాఢతకూ పొడవుకూ లెక్కగట్టిన తిరుగుడు, సుమారు మైనస్ 92 డిగ్రీలు (మైనస్ అంటే ఎడమకు, ప్లస్ అంటే కుడికి). ఎడమ అనే అర్థంతోనే దానికి లెవ్యులోజ్ అని పాత పేరుంది. రెండు పేర్లూ సరైనవే.

'డి' చెప్పేది బొమ్మ సంగతి. అణువును కాగితం మీద చదునుగా గీసే ఫిషర్ పద్ధతిలో గ్లూకోజ్‌ను నిలువుగా, ఆల్డిహైడ్ (సీహెచ్‌ఓ) కొస పైకి వచ్చేలా గీయండి. కింది నుంచి రెండో కార్బన్‌ను, అంటే ఐదోదాన్ని చూడండి. దాని ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జత) కుడిపక్కన ఉంటే డి, ఎడమపక్కన ఉంటే ఎల్. మిగతా కార్బన్ల గొడవ ఆ అక్షరానికి పట్టదు. వాటి అమరికను గ్లూకోజ్, మానోజ్, గాలక్టోజ్ అనే పేర్లే చెబుతాయి. అందుకే డి-గ్లూకోజ్‌లో ఆ ఒక్క ఓహెచ్‌ను అటు మారిస్తే ఎల్-గ్లూకోజ్ రాదు, ఎల్-ఐడోజ్ వస్తుంది. అద్దంలో ప్రతిబింబం కావాలంటే నాలుగు కైరల్ కార్బన్లూ, అంటే నాలుగేసి వేర్వేరు గుంపులు అంటుకున్న కార్బన్లన్నీ, తిరగబడాలి. కాంతిని తిప్పేది మాత్రం మొత్తం అణువు. ఎటు, ఎంత అన్నది ఆ ఒక్క కార్బన్‌ను చూసి చెప్పలేం, ఈ తిరుగుడును కొలిచే పరికరం పోలారిమీటర్‌లో కొలవాలి.

ఈ కొలతల్లో నాకు బాగా నచ్చేది మ్యూటారొటేషన్, అంటే ద్రావణపు భ్రమణం కాసేపట్లో తనంతట తనే మారడం. గ్లూకోజ్‌కున్న ఆల్ఫా, బీటా అనే రెండు వలయ రూపాల్లో ఆల్ఫా స్ఫటికాలను నీళ్లలో కరిగించిన వెంటనే చూస్తే ప్లస్ 112. కాసేపాగి చూస్తే తగ్గి ఉంటుంది. అలా దిగుతూ దిగుతూ 52.7 దగ్గర నిలుస్తుంది. బీటా రూపమైతే 18.7తో మొదలై, పైకి ఎక్కి అక్కడికే చేరుతుంది. నీళ్లలో అణువు వలయం విచ్చుకుని మళ్లీ మూసుకుంటూ ఉంటుంది. మూసుకున్న ప్రతిసారీ మొదటి కార్బన్ మీది ఓహెచ్ ఆల్ఫా వైపు ఉండొచ్చు, బీటా వైపు ఉండొచ్చు. చివరికి మూడో వంతుకు కాస్త పైగా ఆల్ఫా, మిగతాదంతా దాదాపు బీటా అయి నిలకడకొస్తుంది. ఇంత జరిగినా ఐదో కార్బన్ కదలలేదు, కాబట్టి 'డి' కూడా మారలేదు.

అసలు 1891లో ఎమిల్ ఫిషర్ ఆ ఓహెచ్‌ను కుడిపక్కన గీసింది ఊహతోనే. నిజం తేల్చే సాధనం అప్పట్లో లేదు. 1951లో బైవూట్ బృందం, చక్కెరల అమరికతో రసాయనికంగా ముడిపడి ఉన్న టార్టారిక్ ఆమ్ల లవణపు స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో పరిశీలించాక ఆ ఊహ నిజమని తేలింది. తప్పని తేలి ఉంటే చక్కెరల బొమ్మలన్నీ అద్దంలో చూసినట్టు తిరగరాయాల్సి వచ్చేది. పోలారిమీటర్ అంకెలు మాత్రం ఒక్క డిగ్రీ కూడా మారేవి కావు.