పండుగ తేదీల తకరారు వెనుక నుంగంబాకం వేధశాల

చెన్నైలోని తెలుగు ఇళ్లలో అప్పుడప్పుడు ఏదో ఒక పండుగకు తేదీ తకరారు వస్తూనే ఉంటుంది. ఒక పంచాంగం ప్రకారం పండుగ ఇవాళ అయితే, మరొకదాని ప్రకారం రేపు. తిథి మిగులు, తగులు అని పెద్దలు సర్దిచెప్పినా, ఈ భేదంలో కొంత గణిత పద్ధతులది. పూర్వపద్ధతి సిద్ధాంత గ్రంథాల లెక్కనే అనుసరిస్తుంది. దృగ్గణితం మాత్రం ఆకాశంలో గ్రహాలు నిజంగా కనిపించే స్థానాలతో ఆ లెక్కను సరిదిద్దుతుంది. చంద్రుడి గమనంలోని కొన్ని హెచ్చుతగ్గులు పాత లెక్కలో లేకపోవడం వల్ల తిథి ముగిసే వేళలో గంటల తేడా వస్తుంది.

ఈ వివాదంలో ఒక ముఖ్య ఘట్టం ఈ నగరంలోనే నడిచింది. 1792లో ఈస్టిండియా కంపెనీ నుంగంబాకంలో గ్రహ నక్షత్రాలను పరిశీలించే వేధశాల కట్టింది. కోరమాండల్ తీరంలో ఓడలు నడపడానికి, భూములు కొలవడానికి కంపెనీకి కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు కావాలి. వేధశాలను రూపొందించిన మైకేల్ టాపింగ్ కృష్ణా, గోదావరి ప్రాంతాలను సర్వే చేసినవాడే. 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు. వేధశాల పరికరాన్ని మోయడానికి నిలిపిన గ్రానైట్ స్తంభం నేటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. ఆసియాలో గణితశాస్త్రాలను బ్రిటిష్ ఔదార్యమే నాటిందని వెయ్యేళ్ల తర్వాతివారికీ తెలియాలని దానిమీద చెక్కించారు. ఆ చెక్కడంలో తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే గ్రహణాలను లెక్కగట్టిన ఈ నేల మీద ఆ మాట చెక్కడం నాకు బాధ కలిగిస్తుంది.

చింతామణి రఘునాథాచారి ఆ వేధశాలలోనే పనిచేశాడు. 1867లో ఆర్ రెటిక్యులై అనే చర నక్షత్రాన్ని (వెలుగు మారుతూ ఉండే నక్షత్రాన్ని) కనుగొన్నాడు, 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయ్యాడు. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టినవాడు కావడంతో, తాను రోజూ దుర్భిణిలో చూసేదానికీ ఇంట్లోని లెక్కకూ ఉన్న ఎడాన్ని ఆయన పట్టించుకోకుండా ఉండలేకపోయాడు. దృగ్గణిత పంచాంగాలు వెలువరించాడు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతున్నప్పుడు, సంప్రదాయ సిద్ధాంతులకూ అర్థమయ్యేలా సంభాషణ రూపంలో ఒక చిన్న పుస్తకం రాసి తమిళంతో పాటు మరికొన్ని భాషల్లోనూ అందించాడు.

ఆయన మాటను అందరూ ఒప్పుకోలేదు. ఆ నిరాకరణను వట్టి మూఢత్వమని కొట్టిపారేయడం సరైన చరిత్ర కాదు. ఓడలకూ సర్వేలకూ పుట్టిన లెక్కను వ్రతాలకూ శ్రాద్ధాలకూ ప్రమాణంగా తీసుకోవాలంటే, ఆ అధికారం ఎవరిదన్న ప్రశ్న తప్పదు. కొత్త విజ్ఞానం సమాజంలోకి దిగిన ప్రతిచోటా చరిత్రకారుడు ముందుగా వెతకవలసింది ఈ ప్రశ్ననే.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ అధికారాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోబోయింది. 1952లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘాన్ని వేసింది. దాని సిఫారసులపై 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరపు జాతీయ కాలమానం అమలైంది. గెజిట్ మీద శక తేదీ నేటికీ అచ్చవుతోంది. పండుగ తిథిని మాత్రం ఎవరి సిద్ధాంతి లెక్క ప్రకారం వారే పాటిస్తున్నారు.