ప్లాన్ పాసయ్యింది సరే, పునాదులు తవ్వొచ్చా?

"ప్లాన్ వచ్చేసింది సార్, రేపు జేసీబీ దింపుతున్నాం." ఇళ్లకు ప్లాన్లు గీసి, అనుమతులకు ఫైళ్లు పెట్టడం నా పని కాబట్టి ఈ ఫోన్ నాకు మామూలే. ప్రతిసారీ నేను అడిగేది ఒకటే: అనుమతి పత్రం కింద రాసిన షరతులు చదివారా? చాలామంది ఫీజు ఎంత, ఎన్ని అంతస్తులు ఇచ్చారు అన్నంతవరకే చూసి కాగితాన్ని బీరువాలో పెట్టేస్తారు. జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) ఇచ్చే పత్రాల్లో మామూలుగా కనిపించే షరతు ఒకటుంది. ఈ అనుమతి వల్ల స్థలం మీద మీకు యాజమాన్య హక్కు రాదు, మీరిచ్చిన పత్రాలు తప్పని తేలితే అనుమతి రద్దు అవుతుంది అని. ఆ రెండు వాక్యాలు అర్థమైతే నేను రాయబోయేదాంట్లో సగం అర్థమైనట్టే.

ఇది తెలంగాణలో సొంతిల్లు కట్టుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లకు వాళ్ల సలహాదారులు ఉంటారు.

అపోహ: ఆన్‌లైన్‌లో అప్రూవల్ వచ్చిందంటే స్థలం క్లియర్ అన్నట్టే

జనాన్ని నిలువునా ముంచే నమ్మకం ఇదే. 2020లో ఆన్‌లైన్‌లో ఇళ్ల అనుమతులిచ్చే టీఎస్-బీపాస్ చట్టం వచ్చాక, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి మొదలైంది. 500 చదరపు మీటర్లంటే దాదాపు 600 గజాలు. మామూలు కుటుంబాలు కట్టుకునే ఇళ్లు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. పోర్టల్ పేరు మారి బిల్డ్‌నౌ వచ్చినా, స్వీయ ధ్రువీకరణ అంటే అర్థం మారదు. ఈ స్థలం ప్రభుత్వ భూమి కాదు, చెరువులో లేదు అని హామీ ఇచ్చింది ఆఫీసు కాదు, మీరు. మీ మాట నమ్మి అనుమతి ఇచ్చారు, తనిఖీ తర్వాత చేస్తారు. మీరు రాసిచ్చింది అబద్ధమని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. "గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చింది కదా" అన్న వాదన అక్కడ నిలవదు.

ఎక్కువమంది ఇరుక్కునేది చెరువుల దగ్గర. చెరువు నిండి అలుగు పారే మట్టం ఉంటుంది చూడండి, అదే ఎఫ్‌టీఎల్. ఆ మట్టం లోపల ఏమీ కట్టకూడదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. మీ స్థలం ఆ దరిదాపుల్లో ఉంటే ప్లాన్ కాగితంతో పని మొదలుపెట్టకండి. ఇరిగేషన్, రెవెన్యూ శాఖల నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, చేతికి రావాలి. హద్దు ఎక్కడుందో వాళ్లే కొలిచి చెప్పాలి. బ్రోకర్ కాదు, నేనూ కాదు.

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో నగర శివారులో ప్లాటు కొన్న ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. ప్లాన్ వేరేచోట చేయించుకున్నారు. రిజిస్ట్రేషన్ ఉంది, లింకు డాక్యుమెంట్లు ఉన్నాయి, బ్యాంకు లోను మాట ఇచ్చింది. "ఆ చెరువుకు నీళ్లొచ్చి ఏళ్లయింది" అని అమ్మినవాడు భరోసా ఇచ్చాడు. ఎండాకాలంలో గుంతలు తవ్వించారు. వానలు పడ్డాక గుంతల్లో చేరిన నీరు తగ్గలేదు, ఇంకా పెరిగింది. తర్వాత సర్వే వాళ్లు వచ్చి పాతిన హద్దు రాయి ఆయన ప్లాటు మధ్యలో పడింది. "పట్టా ఉంది కదా బాబూ" అని ఆయన పదేపదే అంటుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. శిఖం భూమికి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమికి, పట్టా ఉండొచ్చు. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టడానికి లేదు. ఇది తెలియకపోవడం ఆయన అమాయకత్వం అనలేను. రిజిస్ట్రేషన్ ఆఫీసు, బ్యాంకు, ఆన్‌లైన్ పోర్టల్ అన్నీ సరే అన్నాక ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2024లో చెరువుల్లో ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చిన దగ్గర్నుంచి చెరువుకు దూరంగా, ఎప్పుడో కట్టుకున్న ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా నిద్రపోవడం లేదు. వాట్సాప్‌లో ఎవడో మ్యాప్ మీద ఎర్రగీత గీసి పంపుతాడు, కాలనీ అంతా టెన్షన్. అలాంటి మ్యాపులు చూసి సగం ధరకు ప్లాటు అమ్ముకునేదాకా వెళ్లినవాళ్లు నాకు తెలుసు. ఆగండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో నోటిఫై చేసిన మ్యాపులున్నాయి. మీ సర్వే నంబరు అందులో ఉందో లేదో చూసుకోండి. ప్రాథమిక నోటిఫికేషనా, తుది నోటిఫికేషనా అన్నది కూడా గమనించండి. ఆ తర్వాతే భయపడాలో వద్దో తేల్చుకోండి.

అపోహ: 75 గజాల లోపు ఇంటికి ఏ రూలూ లేదు

75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు అని టీఎస్-బీపాస్ తెచ్చిన మాట నిజం. అంతమాత్రాన నాలా (వాన నీటి కాలువ) మీద, ప్రభుత్వ భూమిలో కట్టుకోమని కాదు.

అపోహ: పాత కట్టడాల సంగతి టూరిజం వాళ్లది, మనకేం సంబంధం?

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో జాతీయ స్మారక కట్టడాల సంస్థ అనుమతి లేకుండా కట్టకూడదు. చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట, హనుమకొండ వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల వాళ్లు ఇది రాసిపెట్టుకోవాలి. కొలత గోపురం నుంచి కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి. ఇంటికి మరమ్మతు చేయించాలన్నా అనుమతి కావాలి. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కోట గోడ పక్కనే పుట్టి పెరిగినవాళ్లకు ఇది చెబితే కోపమొస్తుంది, వాళ్ల బాధ నాకర్థమవుతుంది. కానీ చట్టం అదే.

రైలు పట్టాల పక్క స్థలమైతే రైల్వే హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడానికి రైల్వే ఎన్‌ఓసీ తప్పదు. విమానాశ్రయం దగ్గరైతే ఎత్తు లెక్కలో మీ వాటర్ ట్యాంకు, లిఫ్టు గది కూడా కలుస్తాయి.

అపోహ: ఇరవై రకాల ఎన్‌ఓసీలు తేకపోతే ఇల్లు కూల్చేస్తారు

ఫైర్ ఎన్‌ఓసీ నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతుంది. పర్యావరణ అనుమతి 20,000 చదరపు మీటర్ల నిర్మాణం నుంచి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ అమ్మకానికి కట్టే ప్రాజెక్టుల కోసం. 200 గజాల్లో మీరు ఉండటానికి కట్టుకునే జీ+2 ఇంటికి ఇవేవీ అక్కర్లేదు. అవసరం ఉందని భయపెట్టి "ప్యాకేజీ" అమ్మే ఏజెంటును గుమ్మం దగ్గరే ఆపేయండి.

అవసరమైనవి చిన్నవే, కానీ మరిచిపోయేవీ ఇవే. బోరు వేయాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి, చెట్టు కొట్టాలన్నా అంతే. నిర్మాణానికి తాత్కాలిక కరెంటు కనెక్షన్ తీసుకోవాలి. పాత ఇంటి మీటరు నుంచి వైరు లాగి పని కానిస్తే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెండింతల రేటుతో లెక్కగట్టే వీలుంది. జీహెచ్‌ఎంసీ పరిధిలో పని మొదలుపెట్టే ముందు కమెన్స్‌మెంట్ నోటీసు ఇవ్వాలి. ఇసుక, కంకర రోడ్డు మీద పోస్తే అనుమతి నిలిపేయొచ్చని ఆ షరతుల పేజీలోనే ఉంటుంది.

ముహూర్తం దాటిపోతుందని కంగారుపడేవాళ్లకు నేను చెప్పేది, శంకుస్థాపన చేసుకోండి, కొబ్బరికాయ కొట్టుకోండి, దానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు. జేసీబీని మాత్రం మీ స్థలానికి అవసరమైన అనుమతులు, ఎన్‌ఓసీలు వచ్చాకే పిలవండి.

పక్కింటివాళ్ల సంతకం కావాలా అని చాలామంది అడుగుతారు. మీ స్థలంలో సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వదిలి కట్టుకుంటుంటే అక్కర్లేదు. కాకపోతే మీరు తవ్వడం వల్ల వాళ్ల గోడ పగిలితే బాధ్యత మీదే అవుతుంది. తవ్వకం మొదలుపెట్టే ముందు వాళ్లను పిలిచి, వాళ్ల ఎదుటే ఆ గోడలకు తేదీ పడేలా ఫొటోలు తీసిపెట్టుకోండి.