పూల్స్ మూత వెనుక 1971 నాటి తీర్పు

వేసవి ముందు నగర బడ్జెట్ల చర్చ మొదలైతే చాలు, అమెరికాలో మునిసిపల్ స్విమ్మింగ్ పూల్స్ గొడవ మళ్లీ రాజుకుంటుంది. లైఫ్‌గార్డులు దొరకడం లేదని, పంపులు పాతబడ్డాయని, వచ్చే ఆదాయం నిర్వహణకు చాలడం లేదని నగర పాలకులు అంటారు. 2022లో ఫిలడెల్ఫియా లైఫ్‌గార్డుల కొరత వల్ల తన పూల్స్ అన్నిటినీ తెరవలేకపోయింది కూడా. మా పిల్లలు ఈత ఎక్కడ నేర్చుకోవాలన్నది అవతల తల్లిదండ్రుల ప్రశ్న.

1930ల మాంద్యంలో ఉపాధి పథకాల కింద ప్రభుత్వం పెద్ద ఎత్తున పూల్స్ కట్టించిందని, 1936 వేసవిలో ఒక్క న్యూయార్క్‌లోనే 11 భారీ పూల్స్ తెరిచారని చాలామంది విన్నదే. ఇప్పటి గొడవకు మూలం అక్కడ దొరకదు. జాక్సన్‌లో దొరుకుతుంది.

మిసిసిపీ రాష్ట్రంలోని ఈ నగరం ఐదు పూల్స్ నడిపేది. నాలుగు తెల్లవారికి, ఒకటి నల్లజాతివారికి. పార్కులు, పూల్స్ ఇలా విడదీయడం రాజ్యాంగ విరుద్ధమని 1962లో కోర్టు తేల్చింది. నగరం పార్కులను, జూను, గోల్ఫ్ మైదానాలను అందరికీ తెరిచింది. పూల్స్ వంతు వచ్చేసరికి నాలుగింటికి తాళం వేసి, లీజుకు తీసుకున్న ఐదోదాన్ని యజమానికి అప్పగించేసింది. అందరినీ కలిపి నడిపితే భద్రత ఉండదు, ఖర్చూ గిట్టుబాటు కాదు అన్నది నగరం చెప్పిన కారణం.

నల్లజాతి పౌరులు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971 జూన్ 14న 5–4 తేడాతో నగరమే గెలిచింది. అందరికీ మూసేశారు కాబట్టి వివక్ష లేదని, పూల్ మొదలుపెట్టాలని గానీ కొనసాగించాలని గానీ రాష్ట్రాలను ఏ చట్టమూ నిర్బంధించదని జస్టిస్ హ్యూగో బ్లాక్ రాశారు. తెల్లవారితో కలిసే అర్హత నల్లవారికి లేదని మూసివేత ద్వారా ప్రభుత్వమే చాటుతోందని జస్టిస్ బైరన్ వైట్ తన అసమ్మతిలో గట్టిగా చెప్పారు. ఆయనే సరిగ్గా చూశారు. కానీ బడ్జెట్ రాసేవాళ్లకు మిగిలింది బ్లాక్ మాటే. అప్పటి నుంచి పూల్ ఎప్పుడైనా వదిలించుకోగల పద్దు.

“గిట్టుబాటు కాదు” అన్న వాదన కూడా అంత అమాయకమైనది కాదు. 1949 జూన్‌లో సెయింట్ లూయిస్‌లోని ఫెయిర్‌గ్రౌండ్ పార్క్ పూల్‌లోకి నల్లజాతి పిల్లలను మొదటిసారి రానిస్తే, తెల్లవారి గుంపులు దాడులకు దిగాయి. మరుసటి ఏడాది కోర్టు ఆదేశంతో పూల్ అందరిదీ అయ్యాక తెల్లవారు రావడం మానేశారు. జనం లేని ఆ పూల్‌ను 1956లో శాశ్వతంగా మూసేశారు. వెళ్లిపోయినవాళ్లు ఈత మానలేదు, ప్రైవేటు క్లబ్బులకూ సొంత పెరళ్లకూ మారారు. 1950లో అమెరికాలో ఇంటి పూల్ ఉన్న కుటుంబాలు సుమారు 2,500. 1999 నాటికి అవి దాదాపు 40 లక్షలు. పన్ను కట్టే మధ్యతరగతి వెళ్లిపోయాక, మునిసిపల్ పూల్ కోసం కౌన్సిల్‌లో గొంతెత్తేవాళ్లు తగ్గిపోయారు.

ఇవాళ మూతపడే ప్రతి పూల్ వెనుకా జాతి వివక్షే ఉందని కాదు. దశాబ్దాల నాటి కాంక్రీటు పగులుతుంది, నీరు కారుతుంది, మరమ్మతుకు నిజంగానే చాలా డబ్బు కావాలి.

జాతి గొడవ లేనిచోట కూడా, పూల్ నడపాలన్న నిర్బంధం లేని చట్టంలోని ఆ ఖాళీయే దెబ్బతీస్తుంది. బ్రిటన్‌లోని ఇంగ్లండ్, వేల్స్‌లలో 1976 చట్టం స్థానిక కౌన్సిళ్లకు పూల్స్ నడిపే అధికారం ఇచ్చింది గానీ బాధ్యత పెట్టలేదు. ఇంగ్లండ్‌లో 16 ఏళ్లలోపు పిల్లలకు, 60 దాటినవారికి 2009లో మొదలైన ఉచిత ఈత పథకాన్ని మరుసటి ఏడాదే పొదుపు పేరుతో ఆపేశారు. కరెంటు, గ్యాస్ బిల్లులు పెరిగి పూల్స్ వరసగా ప్రమాదంలో పడ్డాక, 2023లో 60 మిలియన్ పౌండ్లకు పైగా అత్యవసర నిధి ప్రకటించాల్సి వచ్చింది. ఐస్‌లాండ్‌లో 1940 నుంచి బడి పిల్లలకు ఈత తప్పనిసరి. నేర్పాలంటే పూల్ ఉండాలి కాబట్టి అక్కడ చిన్న ఊళ్లు కూడా నడుపుతున్నాయి.

అమెరికాలో 10–14 ఏళ్ల నల్లజాతి పిల్లలు స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లజాతి పిల్లల కంటే 7.6 రెట్లు ఎక్కువని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. తాతకు పూల్‌లో చోటు లేకపోతే తండ్రికి ఈత రాలేదు, బిడ్డకు నేర్పేవాళ్లు లేకపోయారు. జాక్సన్ తీర్పును సుప్రీంకోర్టు ఇంతవరకు నేరుగా కొట్టేయలేదు. పూల్ నడపడం నగరాల బాధ్యత అని చెప్పే ఫెడరల్ చట్టమూ రాలేదు.