పరీక్షించడం అవిశ్వాసం కాదు

సోంపేట

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరు చూసినా స్వస్థత కూటాలే. ఫోను తెరిస్తే ఎవరో ఒకరు ప్రవచనం చెబుతూనే ఉంటారు. వాళ్ళలో నిజమైన సేవకులున్నారు, కానివాళ్ళూ ఉన్నారు. దైవజనుణ్ణి ప్రశ్నిస్తే శాపం తగులుతుందని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి. సాక్షాత్తూ పౌలు చెప్పిన మాటలనే బెరయ ఊరివాళ్ళు రోజూ లేఖనాలు తీసి సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్ళను మెచ్చుకుంటుందే గానీ తప్పుపట్టదు.

అద్భుతం జరిగింది గనుక ఆయన దేవుని మనిషే అనుకోవడం దగ్గరే చాలామంది మోసపోతారు. అబద్ధ క్రీస్తులు గొప్ప సూచక క్రియలు కూడా చేస్తారని మత్తయి 24:24లో యేసుప్రభువే ముందుగా చెప్పారు. ద్వితీయోపదేశకాండము 13 ఇంకా గట్టిగా చెబుతుంది: ప్రవక్త చెప్పిన సూచన నిజంగా జరిగినా సరే, అతడు మిమ్మల్ని వేరే దేవుడి వైపు తిప్పుతుంటే వినొద్దు. అందుకే ఏం చేశాడన్నది తర్వాత, మనల్ని ఎవరి వైపు తిప్పుతున్నాడన్నది ముందు చూడాలి. కూటం అయ్యాక జనం నోట యేసు పేరు వినిపిస్తోందా, ఆ బోధకుడి పేరా? ఆయన ఫోటో, ఆయన నూనె సీసా, ఆయన చేతిగుడ్డ లేకపోతే ప్రార్థన పనిచేయదంటే అక్కడే ఆగిపోండి.

ఇక వాక్యం సంగతి. మోసగాడు బైబిలు పక్కన పెట్టి రాడు, బైబిలు పట్టుకునే వస్తాడు. మత్తయి 4లో సాతాను యేసుప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమంటూ, దూతలు కాపాడతారన్న 91వ కీర్తన చెప్పాడు. ఆ కీర్తన 11వ వచనం తీసి పక్కన పెట్టి చూడండి. అక్కడ ‘నీ మార్గములన్నిటిలో’ అన్న మాట ఉంది, సాతాను నోట అది లేదు. నడవాల్సిన దారిలో నడిచేవాడికి ఇచ్చిన మాటను, కావాలని దూకేవాడికి అంటగట్టాడు. ప్రభువు ఇంకో వచనంతో, దేవుణ్ణి శోధించకూడదన్న ద్వితీయోపదేశకాండము 6:16తో, దాన్ని సరిచేశారు. మీరూ అదే చేయండి. ఎవరైనా ఒక్క వచనం చెప్పి ఏదైనా అడిగితే, దానికి పైన పది వచనాలు, కింద పది వచనాలు చదవండి. మలాకీ 3:10 చూపించి దశమ భాగం కోసం విధవరాలిని పీడించేవాడికి అదే అధ్యాయం 5వ వచనం చూపించవచ్చు. విధవరాండ్రను బాధించేవారి మీద దేవుడు సాక్ష్యం పలికేది అక్కడే. 1805లో విశాఖపట్నంలో దిగిన మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తల తర్జుమాకు కూర్చున్నారు. 1810 నాటికి ఇద్దరూ ఇక్కడే కన్నుమూశారు. మన భాషలో వాక్యం మన చేతికి రావడానికి అంత ఖర్చయింది, చదవకుండా వదిలేయకండి.

మన ఉద్దానం వాళ్ళకు ఈ మాట మరీ ముఖ్యం. కిడ్నీ జబ్బున్న ఇంటికి వచ్చి ‘విశ్వాసం ఉంటే డయాలసిస్ మానేయండి’ అనేవాడు ప్రాణం తీసే బోధకుడు. మానేస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడకపోవచ్చు. రోజుల్లోనే ముంచుకురావచ్చు. ప్రార్థన చేయించుకోండి, సంఘ పెద్దల చేత నూనె రాయించుకోండి, యాకోబు 5:14 అదే చెబుతుంది. మందు మానమని మాత్రం అక్కడ లేదు. కుష్ఠు బాగుచేశాక ప్రభువే, వెళ్ళి యాజకుడికి చూపించుకో అన్నారు. లేవీయకాండము 14 ప్రకారం యాజకుడు పాళెం, అంటే జనం గుడారాలు వేసుకున్న చోటు, బయటికి వెళ్ళి స్వయంగా చూడాలి, ఆ తర్వాత కూడా ఆ మనిషి ఏడు రోజులు తన గుడారం బయటే ఉండాలి. నిజమైన స్వస్థత పరీక్షకు జంకదు. బాగైందంటే కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. మందు తగ్గించాలో వద్దో డాక్టరుగారు చెబుతారు.

ప్రభువు రాకడ తేదీ చెప్పేవాళ్ళ గురించి ఎక్కువ రాయను. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదన్న మత్తయి 24:36 చాలు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22 కోసం ఎదురుచూశారు, ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది.

నాకు అన్నిటికంటే భయం రహస్యం అంటే. క్రీస్తు ‘ఇదిగో లోపలి గదిలో ఉన్నాడు’ అంటే నమ్మొద్దన్నారు ప్రభువు. ఆయన రాకడ తూర్పున పుట్టి పడమటి దాకా కనబడే మెరుపులా ఉంటుంది. ‘ఇది నీకు మాత్రమే వచ్చిన దర్శనం, అమ్మకు నాన్నకు చెప్పకు’ అన్నా, విడిగా గదిలోకి రమ్మన్నా, ఇంటివాళ్ళతో మాటలు మానుకోమన్నా అది ఉచ్చే. అమెరికా బోధకుడు జిమ్ జోన్స్ తన సంఘాన్ని దక్షిణ అమెరికాలోని గయానా అడవికి తీసుకెళ్ళి పాస్‌పోర్టులు లాక్కున్నాడు, బయటి మాట వినకుండా చేశాడు. 1978 నవంబరు 18న అక్కడ 900 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో దాదాపు 300 మంది పిల్లలు.

ఏ బోధకుడి మీదైనా అనుమానం వస్తే ఊరంతా చెప్పకండి, మనసులోనూ దాచుకోకండి. ఆయన అన్న మాట, చెప్పిన వచనం, అడిగిన డబ్బు, తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో చెప్పి, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళండి. ప్రవక్తలు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని 1 కొరింథీయులకు 14:29లో ఉంది, కాబట్టి వినాల్సిన బాధ్యత ఆయనకుంది. తప్పు మన సంఘంలోనే ఉండి ఎవరూ వినకపోతే స్కూల్లో టీచరుకు చెప్పండి. ఎవరైనా మీ మీద చెయ్యి వేసినా, బెదిరించినా వెంటనే 1098కి ఫోను చేయండి. అది పిల్లల కోసం పెట్టిన నంబరు, డబ్బులు పడవు.

ప్రేమతో,
మీ సండే స్కూల్ తాతగారు