లక్ష్మీదేవిపేట ఏ జిల్లాలో ఉంది?

2023 జులై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ నీళ్లు తీసిన తర్వాత చంటిపిల్లలకు విరేచనాలు, జ్వరాలు ఎంత పెరిగాయి? ఆ ఏడు కడుపులో ఉన్న బిడ్డల ఎదుగుదల తగ్గిందా? ఇది తేలాలంటే ఉపగ్రహం లెక్క, ఇంటింటి సర్వే లెక్క పక్కపక్కన పెట్టి చూడాలి. చాలాకాలం ఈ రెండిటికీ పొత్తు కుదరలేదు.

నేలను ఫొటోలు తీసే ఉపగ్రహాల్లో అమెరికా తొలి లాండ్‌శాట్ 1972లో ఎగిరింది, మన ఐఆర్ఎస్-1ఎ 1988లో. ఆ చిత్రాలతో పంటలు, చెరువులు, అడవులు చూసుకున్నారు కానీ పసిపిల్లల ఆరోగ్యం దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇటు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో మొదలైనా, రాష్ట్రం మొత్తానికి ఒకే అంకె ఇచ్చేది. ఆదిలాబాద్ గూడేనికీ నెల్లూరు టౌనుకూ కలిపి ఒకటే సగటు!

2015-16 సర్వేతో కథ మారింది. జిల్లాలవారీ అంకెలతోపాటు, సర్వే జరిగిన చోటుకు జీపీఎస్ గుర్తులూ వచ్చాయి. రెండేళ్లలోపు బిడ్డను బల్లమీద పడుకోబెట్టి, మోకాళ్లు నొక్కిపట్టి పొడవు కొలుస్తారు. ఏడ్చి కాళ్లు ముడుచుకుంటే మళ్లీ మొదటికే. అలా వచ్చిన అంకెను ఆ చోట పడిన వానతో, ఎండతో జోడించే వీలు దొరికింది.

అయితే కుటుంబాల ఆచూకీ బయటపడకుండా ఆ గుర్తును కావాలనే జరుపుతారు. పట్టణంలో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో మామూలుగా 5 దాకా. పద్ధతి న్యాయమైనదే. కానీ ములుగు వైపు 5 కిలోమీటర్లంటే మాటలా? చెరువు కింద వరిపొలం కాస్తా వాగవతలి అడవి అయిపోతుంది. వాతావరణ శాఖ పటాన్ని గడులుగా విడగొట్టి వాన లెక్క ఇస్తుంది, ఒక్కో గడి కూడా దాదాపు 25 కిలోమీటర్లు. లక్ష్మీదేవిపేట కుంభవృష్టి అందులో సగటై పలచబడుతుంది. ఎండ సంగతీ అంతే. ఉపగ్రహం కొలిచేది రేకుల పైకప్పు వేడిని. రేకుల కింద ఉయ్యాలలో పడుకున్న బిడ్డకు తగిలే గాలి వేడి వేరు.

వీటికంటే పెద్ద తలనొప్పి మన జిల్లాలే. 2015-16 సర్వేలో తెలంగాణకు 10 జిల్లాలు. 2016 అక్టోబరులో అవి 31 అయ్యాయి. పాత వరంగల్ ముక్కలైంది. చేర్యాల సిద్దిపేటకు పోయింది, కరీంనగర్‌లోని ఎల్కతుర్తి, కమలాపూర్ ఇటొచ్చాయి. లక్ష్మీదేవిపేట ఒక సర్వేలో వరంగల్, 2019-21 సర్వేలో భూపాలపల్లి, ఇప్పుడేమో ములుగు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. పట్టికలో ‘వరంగల్’ అని కనబడితే ముందు ఏ సంవత్సరమో చూసుకోవాల్సిందే.

ఈ రెండు సర్వేల మధ్య తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తులేని ఐదేళ్లలోపు పిల్లలు 28 శాతం నుంచి 33.1 శాతానికి పెరిగారు. అందులో వానా ఎండా వాటా ఎంత, తిండి వాటా ఎంత అన్నది పాత, కొత్త జిల్లాల అంకెలు పక్కపక్కన పెడితే తేలదు. అందుకే 2011 జనగణన గ్రామాల జాబితా పట్టుకుని, ఏ ఊరు ఏ జిల్లాలోంచి ఎటు పోయిందో కూర్చుకుని మొదలుపెట్టాలి. అంగన్‌వాడీ రిజిస్టర్లో మాత్రం జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఊరి పేరు అదే. పక్కన ప్రతి నెలా బిడ్డ బరువు.