ఆ సాండింగ్ మిషన్ పక్కన పెట్టండి: డేనిష్ టేకు సైడ్‌బోర్డుల మీద అపోహలు, వాస్తవాలు

కోపెన్‌హాగన్‌లో పాత ఫర్నిచర్ బాగుచేసే వర్క్‌షాప్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నా. ఇక్కడి మనవాళ్లు 1950ల, 60ల టేకు సైడ్‌బోర్డు (గోడకి ఆనించి పెట్టే పొడవాటి పొట్టి అల్మరా) సెకండ్‌హ్యాండ్‌లో కొనగానే ఫోటో పెట్టి అడిగేది ఒకటే, "పైన మరకలున్నాయి, మిషన్‌తో ఒక్క లేయర్ తీసేసి పాలిష్ కొడితే కొత్తదైపోద్ది కదా?" ఈ వారంలోనే ఇద్దరు అడిగారు, అందుకే రాస్తున్నా.

అపోహ: టేకే కదా, ఎంత రుద్దినా కింద టేకే ఉంటుంది.

ఉండదండీ. కాళ్లు, అంచులు, పిడులు గట్టి టేకు, కానీ పైభాగం, పక్కలు, తలుపులు దాదాపు అన్నీ వెనీర్, అంటే వేరే చెక్క మీద అతికించిన పలచని టేకు పొర. ఆ టేకు పొర మామూలుగా ఒక మిల్లీమీటర్ లోపే, మీకంటే ముందు ఎవరో ఒకసారి రుద్దేసి ఉంటే ఇంకా పలచన. మిషన్‌కి 80 నంబర్ గరుకు పేపర్ పెట్టి అంచు దగ్గర కొన్ని సెకన్లు ఎక్కువ ఆపారా, టేకు పోయి కింద పార్టికల్ బోర్డో వేరే చెక్కో బయటపడుద్ది. పోయిన పొర తిరిగి రాదు. కొత్త వెనీర్ అతికించొచ్చు గానీ అరవై ఏళ్లు ఎండ తగిలిన రంగుతో అది కలవదు.

పోయిన చలికాలం ఒక కొత్త జంట తెచ్చారు, డేనిష్ డిజైనర్ ఆర్నె వొడ్డర్ గీసిన సిబాస్ట్ కంపెనీ 29 నంబర్ మోడల్. పక్కకి జరిగే తలుపులు, ఒకవైపు టేకు, రెండోవైపు రంగు, ఎటు కావాలంటే అటు తిప్పి పెట్టుకోవచ్చు. వీడియో చూసి ఆ అబ్బాయి పైభాగం, ఒక తలుపు రుద్దేశాడు. ఎడమ మూలన రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ. ఆ అమ్మాయి దాన్ని వేలితో తడుముతూనే ఉంది, ఎవరిని తిట్టాలో తెలియక. అసలు వాళ్లు తీయాలనుకున్నవి కాఫీ కప్పు పెట్టిన తెల్ల రింగులు! తెల్ల రింగు అంటే తేమ పైన ఫినిష్‌లోనే, అంటే పైపూతలోనే ఆగిపోయింది, చెక్కలోకి దిగలేదు, కంగారు పడక్కర్లేదు. ఆయిల్ ఫినిష్ అయితే కొంచెం ఆయిల్, 0000 నంబర్ స్టీల్ వూల్ (అతి సన్నని ఉక్కు పీచు), గ్రెయిన్ వెంట, అంటే చెక్క చారల వెంట మెల్లగా రుద్దితే చాలామటుకు పోతుంది. నల్ల రింగు అయితే లోపలికి దిగినట్టు, దానికి ఆక్సాలిక్ యాసిడ్ కావాలి, అది పనివాళ్లకి వదిలేయండి.

అయితే వెనీర్ అంటే డూప్లికేటేగా అంటారు. మా నాన్న వడ్రంగి, ఊళ్లో టేకు దుంగలు కోయించి చిత్రిక పట్టి తలుపులు చేసిన మనిషి, వీడియో కాల్‌లో చూసి "టేకు కాదురా ఇది, టేకు రేకు" అన్నారు. ఆయనకి చెప్పిందే మీకూ చెప్తున్నా. అంత వెడల్పు పలక గట్టి చెక్కతో చేస్తే ఇక్కడ చలికాలం హీటర్ల పొడిగాలికి కుంచించుకుపోయి చీలుద్ది, వేసవిలో ఉబ్బుద్ది. పైగా ఒకే దుంగలోంచి వరసగా తీసిన పొరలు పక్కపక్కన పరిస్తే గ్రెయిన్ ఒక తలుపు నుంచి ఇంకో తలుపుకి నదిలా సాగిపోతుంది. అది ఖర్చు తగ్గించుకోడానికి చేసిన మోసం కాదు, తెలిసి చేసిన పని.

వెనకాల "డేనిష్ కంట్రోల్" గుండ్రటి ముద్ర ఉంటే పెద్ద డిజైనర్‌ది అన్నట్టు కాదు, అది క్వాలిటీ గుర్తు మాత్రమే. రంగు డ్రాయర్లు కనపడితే చాలు వొడ్డర్ అని రేటు పెంచే పుకార్లు నమ్మకండి. వొడ్డర్ (1926-2009) పేరున్న డేనిష్ డిజైనర్ ఫిన్ యూల్ దగ్గర చదువుకున్న ఆర్కిటెక్ట్, 1951లో ఆంటన్ బోర్గ్‌తో కలిసి ఆఫీసు పెట్టాడు. ఆయన పిడులు చూడండి, చాలావాటిలో విడిగా బిగించిన పిడి ఉండదు, చెక్కలోనే చెక్కిన ఒంపు, వేళ్లు వాటంతట అవే అందులోకి పోతాయి. ఒక్క ఫోటో చూసి పేరు చెప్పమంటే నేను చెప్పను.

రోజ్‌వుడ్‌ది అయితే, పాతదే కదా అని కంటైనర్‌లో వేసి హైదరాబాద్ పంపేయకండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైట్స్ (అంతరించిపోయే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, పర్మిట్ లేకుండా దేశం దాటకూడదు.

లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) రాసిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డకి దానంతట అదే నిప్పంటుకోవచ్చు. నీళ్లలో తడిపి బయట పరిచి ఆరబెట్టండి.

ఆ జంట సైడ్‌బోర్డు సంగతి. మూలన మచ్చకి రంగు కలిపి అద్దాను, కిటికీ వైపు నుంచి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. రుద్దిన తలుపు తీయడం ఎలాగో నేర్పించా, పైగాడి లోతుగా ఉంటుంది కాబట్టి ముందు పైకెత్తాలి, అప్పుడు కింది అంచు బయటికొస్తుంది. అమ్మాయే తిప్పి పెట్టింది, రంగువైపు బయటికి.